బండి అంటే ఏంది?

మామిడి కాయలు దిగే కాలంలో తిరుపతిలో మా ఆఫీసు కింద తోతాపురి ముక్కలకు ఉప్పూకారం చల్లి అమ్ముతారు. ఆ పుల్లటి వాసన మెట్లెక్కి పైకి రాగానే నాకు సుగుణ మేడం గొంతు వినపడుతుంది. ముఖం గుర్తొచ్చేది ఆ తర్వాతే. ఎందుకంటే చాలాకాలం ఆమె నాకు గొంతుగానే తెలుసు.

మేము ఇంజనీరింగులో చేరీ చేరగానే కరోనాతో కాలేజీలు మూతపడి పాఠాలన్నీ ఫోన్లలోకి వచ్చేశాయి. ప్రాజెక్టు కోసం ముగ్గురిని ఒక జట్టుగా వేశారు. పాకాలలో నేను, తిరుమలలో బొమ్మల అంగడివాళ్ళ అమ్మాయి గాయత్రి, తడలో హైవే పక్కనుండే మునిరత్నం. ఒకరి మొహం ఒకరం చూసింది లేదు. మాకు దారి చూపాల్సిన లెక్చరరు సుగుణ మేడం. చిత్తూరు మనిషి. పాఠమైనా మందలింపైనా ఇంట్లో మాట్లాడే మాటలోనే.

మా మామకు పాకాల దగ్గర మామిడి తోపు ఉంది. కాయ కోశాక గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు, వంతు ఎప్పుడొస్తుందో తెలియక, ట్రాక్టరు మీదే పడిగాపులు పడేవాడు. ఆ వంతును ముందే ఫోన్లో చెప్పే యాప్ చేద్దామన్నాను. "అబ్బా! ఇది సేయండి, ఇదే సేయండి," అని మేడం ఫోన్లోనే కేకేశారు. ఫ్యాక్టరీ మేనేజరుతో మాట్లాడి, సీజను ముగిసేలోపు ఒక్కరోజు గేటు దగ్గర పెట్టి చూసుకోవడానికి ఒప్పించింది కూడా ఆమే.

ఆ తర్వాత మా గ్రూపులో తిరిగిన మాట ఒక్కటే: 'సరే'. రైతు చూసే తెర నేను చేస్తానంది గాయత్రి. సరే. వంతులు పంచే భాగం నేను రాస్తానన్నాడు మునిరత్నం. సరే. రెండూ కలపాల్సింది నేను. అర్థం కాని చోట కూడా సరే అనే పెట్టాను. అడిగితే మొద్దు అనుకుంటారని భయం. తీరా కలిపిన రోజు, మామ పేరు మీద మూడు లోడ్లు ఎక్కించి చూస్తే ఒక్కదానికే వంతు వచ్చింది. మిగతా రెండూ మాయం. 'నేను పంపింది నీకు అర్థమైందా?' అని గాయత్రి మునిరత్నానికి రాసింది. అతను జవాబివ్వకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు మేడం ముగ్గురినీ కాల్‌లోకి లాగారు. తప్పెవరిదని అడగలేదు. "గాయత్రీ, నువ్వు రాసింది నోటితో సెప్పమ్మా," అన్నారు. గాయత్రి భయపడుతూ, మెల్లగా, ఆ మాటే పలికింది. అవతల నుంచి మునిరత్నం అందుకున్నాడు.

"ఇట్లనా అడిగింది? నేనేమో, నీకు యాడ అర్థమైతాదిలే అన్నట్టు సదువుకున్నా మేడం."

"రాసినోళ్ళ గొంతు నీకు యాడ వినపడ్తాదప్పా. సరే, ఇప్పుడు సెప్పండి. తెర మీద బండి నంబరు అని ఉండాదే, బండి అంటే ఏంది?"

"రైతు వచ్చే బండి మేడం. మా నాయన స్కూటర్ లాగా," అంది గాయత్రి. మనిషికి ఒకటే కదా అని ఆమె ఒక్క నంబరుకే చోటు పెట్టింది.

"స్కూటరా!" అన్నాడు మునిరత్నం. "మా తడలో బండి అంటే లారీ. సరుకు మోసేది. నేను బండికొక వంతు ఇచ్చినాను."

మేడం నవ్వు మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. ఆ నవ్వులోనే నన్ను అడిగారు. "మరి నువ్వేమి అనుకున్న్యావు పాపా? నెలంతా సరే అంటా ఉన్న్యావు కదా."

ఈసారి నేను సరే అనలేదు. "నాకు... అర్థం కాలేదు మేడం."

"అమ్మయ్య! ఈ మాట కోసరమే కాసుకోనుండాను," అన్నారామె.

నేను ఎదురుచూసింది తిట్లు. వచ్చింది ఇది. మిద్దె మీద, సిగ్నల్ దొరికే మూల నిలబడి ఎందుకో గట్టిగా నవ్వేశాను.

గాయత్రి తెర మీద లోడుకొక బండి నంబరుకు చోటు పెట్టింది. ఆ రోజు నుంచి మేడం పెట్టిన పద్ధతి ఒకటే. తన పని చెప్పే ముందు పక్కవాళ్ళ పని చెప్పాలి. లారీల హోరులో మునిరత్నం గాయత్రి తెర గురించి అరిచి చెప్పేవాడు. అంగడిలో బేరాల మధ్య గాయత్రి అతని వంతుల సంగతి చెప్పేది. తప్పు చెబితే అందరం ఒకేసారి అరిచేవాళ్ళం. ఒకసారి మేడం చెప్పినదాన్నే నేను తప్పుగా తిరిగి చెబితే, "అయ్యో, నేనే సరిగా సెప్పలేదు," అని మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఒక లెక్చరరు నోట ఆ మాట వినడం నాకదే మొదలు. ఆ రోజుల్లో సాయంత్రమైతే చాలు, ఎప్పుడెప్పుడు కాల్ మోగుతుందా అని కాలు నిలిచేది కాదు.

గేటు దగ్గర పెట్టి చూసే రోజు వచ్చింది. చిత్తూరు పొలిమేరలో ట్రాక్టర్ల వరుస, తేనెటీగల రొద. మాస్కు పెట్టుకున్న ఒక పొడుగాటి అబ్బాయి వచ్చి "ఏమప్పా, ఇదేనా మన బండి?" అనగానే గాయత్రీ నేనూ ఎగిరి గంతేశాం. గొంతుతోనే మునిరత్నమని పట్టేశాం! అంత గొంతున్న మేడం నా భుజం ఎత్తే ఉంటారని మాత్రం ఊహించలేదు. స్కూటర్ దిగుతూనే, "ఆగండి, నన్ను పలకరించేది తర్వాత. మీ మామ యాడ?" అన్నారు.

మామ తోపులోనే ఉన్నాడు. కాసేపటికి ఫోన్ చేశాడు. "పాపా, మూడు లోడ్లకూ మూడు వంతులు వచ్చినాయే! మొదటిది మధ్యాన్నానికంట. అంతవరకూ నేను ఈడ కాయ కోయించుకోవచ్చా?"

"కోయించుకో మామా!" అని నేను అరిచిన అరుపుకు ట్రాక్టర్ల మీద నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. మునిరత్నం ఈల వేశాడు. మేడం మాత్రం ఫోన్ లాక్కుని, "అన్నా, దాంట్లో ఏమని వచ్చిందో నాకొకసారి సెప్పు," అని ఆయన చేత మొత్తం చదివించుకున్నారు. అప్పుడే నమ్మారు. నమ్మాక మాకంటే ఎక్కువ గంతులేశారు.

మేడం ఇప్పుడు రిటైరై చిత్తూరులోనే ఉన్నారు. ఆఫీసులో నా జట్టు నాలుగు ఊళ్ళలో ఉంది. పెద్ద పెద్దవాళ్ళు కాల్‌లో గంటసేపు వివరించి, "అందరికీ స్పష్టమే కదా?" అంటారు. వరసగా బొటనవేళ్ళు లేస్తాయి. నేను మ్యూట్ తీస్తాను. "నాకు అర్థం కాలేదండీ. ఇంకొకసారి చెబుతారా?" అంటాను. ఆ తర్వాత ఏదో ఊరి నుంచి ఒక సన్నటి గొంతు, "నాకూ అర్థం కాలేదు," అంటుంది. వెంటనే ఇంకొకటి. ఇక అక్కడినుంచి అసలు మాటలు మొదలవుతాయి.