రెండో పాటకి వచ్చే మనిషి

మా బావని పొగడటం నాకు చేతకాదు. బావమరిదిగా ఆయన్ని ఆటపట్టించడం నా హక్కు, ముప్ఫయ్యేళ్ళుగా దాన్ని ఎక్కడా వదులుకోలేదు. కానీ ఈ సంగతి చెప్పాలంటే ముందు కాస్త పొగడక తప్పదు. ఆ పనేదో తొందరగా కానిచ్చేస్తాను.

ఆయన దర్జీ. వయసు అరవై రెండు. ఇంటి ముందు గదే షాపు. అందులో రెండు కుట్టు మిషన్లు, పొడుగాటి కటింగ్ టేబులు, కిటికీ పక్కన మేకుకి వేలాడే టేపులు, నేల నిండా ముక్కలు. వారంలో ఆరు రోజులు మిషన్ తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. ఆదివారం మాత్రం సూది ముట్టడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని తొమ్మిదింటికల్లా చర్చి గుమ్మంలో నిలబడతాడు. వచ్చినవాళ్ళందరికీ చెయ్యి కలిపి, పలకరించి, లోపలికి పంపుతాడు. ఈ పని ఆయనకి ఎవరూ అప్పగించలేదు. ఒక ఆదివారం నిలబడ్డాడు, అంతే, మళ్ళీ కదల్లేదు. పిల్లలు ఆయన్ని గుమ్మం అంకుల్ అంటారు.

చెయ్యి ఎవరైనా కలుపుతారు, మా బావ మనిషిని చూస్తాడు. చర్చిలో సగం మంది ఛాతీ కొలతలు ఆయన బుర్రలో ఉన్నాయి. "ఏం మాస్టారూ, చొక్కా వదులైందే? ఒంట్లో బాగుండట్లేదా?" అని గుమ్మంలోనే పట్టుకుని అడిగితే, ఆ లెక్కల మాస్టారు నవ్వేసి, మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళి, షుగరుందని తెలుసుకుని వచ్చాడు. భర్త పోయాక ఎవరితోనూ మాట్లాడని నర్సమ్మ, మా బావ దగ్గర మాత్రం ఆగి రెండు మాటలు చెప్పుకుని వెళ్ళేది. ఆయన మనసు వెన్న అని అందరూ అనేవాళ్ళు. అన్నప్పుడల్లా ఆయన తల దించుకునేవాడు. అది వినయం అనుకునేవాళ్ళు పాపం.

అది వినయం కాదని మా అక్కకీ నాకూ తెలుసు. ఆ గుమ్మంలోంచి వెళ్ళే నూట యాభై మందిలో ఒక్క మనిషికి మా బావ చెయ్యి ఇచ్చేవాడు కాదు. ఆ మనిషి కటింగ్ మాస్టారు.

ఇద్దరూ ఈ షాపులోనే ఇరవై రెండేళ్ళు కలిసి పని చేశారు. ఆయన కత్తిరించేవాడు, మా బావ కుట్టేవాడు. ఒకరి కప్పులో టీ ఇంకొకరు తాగేవాళ్ళు. తర్వాత పాస్టర్ గారు కూతురి పెళ్ళికి కోటు కుట్టించుకున్నారు. తొడిగి చూస్తే కుడి భుజం అర అంగుళం కిందికి జారింది. షాపులో అప్పుడు పదిమంది ఉన్నారు. పాస్టర్ గారు ఏమీ అనలేదు. కటింగ్ మాస్టారు మాత్రం కోటు వెనక్కి తిప్పి చూసి, "కటింగ్ సరిగ్గానే ఉందండీ, కుట్టులో తేడా వచ్చింది" అన్నాడు. మా బావ మెడలో టేపు తీసి నేలకేసి కొట్టాడు. ఆ తర్వాత అన్న మాటలు ఇక్కడ రాయను, చర్చికి వెళ్ళే మనుషులం. మర్నాడు కటింగ్ మాస్టారు తన కత్తెర తీసుకుని వెళ్ళిపోయి, రెండు వీధుల అవతల వేరే షాపు పెట్టుకున్నాడు. ఇది జరిగి ఆరేళ్ళు.

షాపు మారినా చర్చి మారలేదు. కటింగ్ మాస్టారూ ఆయన భార్యా ప్రతి ఆదివారం వచ్చేవాళ్ళు, సరిగ్గా మొదటి పాట అయిపోయి రెండో పాట మొదలయ్యే వేళకి. గేటు దగ్గర వాళ్ళు కనబడగానే మా బావకి గొడుగుల డబ్బా గుర్తొచ్చేది. గుమ్మానికి పక్కగా గొడుగులు పెట్టుకునే రేకు డబ్బా ఒకటి ఉంది. దాని దగ్గరికి గబగబా వెళ్ళి, వంగి, గొడుగులు సర్దేవాడు. వాళ్ళు లోపలికి వెళ్ళిపోయాక నడుం పట్టుకుని లేచేవాడు. వానాకాలం సరే, మండుటెండలో ఖాళీ డబ్బాని ఆయన సర్దుతుంటే చూసి నేను నవ్వాపుకోలేక చచ్చేవాణ్ణి.

మా అక్కకి నవ్వు వచ్చేది కాదు. ఒకరోజు ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, నెలకోసారి బల్ల దగ్గర ప్రభువు గుర్తుగా రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు కదా. అప్పుడు మీ బావ ఎక్కడుంటారో చూశావా?"

"గుమ్మంలో. ఆలస్యంగా వచ్చేవాళ్ళుంటారని."

"ఆలస్యంగా వచ్చేది నువ్వొక్కడివే. నీ కోసం ఎవరూ కాపలా కాయక్కర్లేదు." అక్క పొయ్యి కట్టేసింది. "ఆరేళ్ళయింది ఆయన రొట్టె తీసుకుని. ఎందుకని అడిగితే, ఒకడికి చెయ్యి ఇవ్వలేనివాడు అక్కడ చెయ్యి చాపకూడదు అన్నారు. మరి ఇచ్చెయ్యొచ్చు కదా అంటే, మిషన్ ఎక్కి కూర్చున్నారు. ఆరేళ్ళుగా నేను ఒక్కదాన్నే తీసుకుంటున్నానురా. పక్కన కుర్చీ ఖాళీగా పెట్టుకుని."

అప్పటిదాకా నాకది గొడుగుల డబ్బా కథ. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను. మా బావ దేవుణ్ణి నమ్మిన మనిషి. తనకి అన్నిటికంటే ఇష్టమైన చోటికి తనే వెళ్ళకుండా గుమ్మంలో నిలబడిపోయాడు. కోపం వదలదు, వదలకుండా లోపలికి వెళ్ళడానికి మనసొప్పదు. అలా ఇంకెన్నాళ్ళు నిలబడతాడా అని మాకు బెంగ పట్టుకుంది.

ఇక ఆ వాన ఆదివారం సంగతి. మా ఇంటి గడియారం పాడై, జీవితంలో మొదటిసారి నేను చర్చికి ఇరవై నిమిషాలు ముందుగా బయల్దేరాను. వీధి మలుపులో మూసి ఉన్న చెప్పుల షాపు ఒకటుంది. దాని రేకు చూరు కింద కటింగ్ మాస్టారూ ఆయన భార్యా నిలబడి ఉన్నారు. ఇద్దరికీ ఒకటే గొడుగు. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

"ఇక్కడేం చేస్తున్నారు? నాలుగు అడుగులేస్తే చర్చి. రండి, తడిసిపోతారు" అన్నాను.

"నువ్వెళ్ళు బాబూ. మేం రెండో పాటకి వస్తాం" అన్నాడాయన.

"అదేంటండీ?"

భార్యే చెప్పింది. "ఇప్పుడెళ్తే జనం అంతా గుమ్మంలో ఉంటారు. అందరి ముందూ మీ బావగారు ఆ డబ్బా దగ్గరికి పరిగెత్తాలి. అందరూ చూస్తారు, ఆయన పరువేం కాను? పాట మొదలయ్యాక అయితే అందరూ అటు తిరిగి ఉంటారు. ఆయన తిప్పలు ఆయన పడతాడు, మా దారిన మేం వెళ్తాం."

"ఆయన మోకాళ్ళు కూడా బాగోలేవు కదా," అన్నాడు కటింగ్ మాస్టారు, "అందుకే గేటు దగ్గర కొంచెం ఆగుతాను. ఆయన మెల్లగా వెళ్ళి వంగేదాకా."

మా బావ తప్పించుకుంటున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఈయన తప్పించుకోనిస్తున్నాడు. అదీ ఆరేళ్ళు, ఎండనకా వాననకా. "నాకు మొదటి పాటంటే ప్రాణం," అంది ఆవిడ నవ్వుతూ, "ఇక్కడికి సగం సగం వినబడుతుంది లెండి." నేను కూడా ఆ చూరు కింద నిలబడిపోయాను. వాళ్ళతోపాటే రెండో పాటకి వెళ్ళాను. మా బావ డబ్బా దగ్గర వంగి ఉన్నాడు. ఆ వంగిన వీపు చూస్తే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అంతా చెప్పేశాను. బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తర్వాత మొహం ఎర్రబడింది.

"నా మీద జాలిపడటానికి వాడెవడు?" అని లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

నాలుగు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక చొక్కాకి జేబు కుడివైపు కుట్టాడు. ఇంకో ప్యాంటుకి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. అక్క కుట్లు విప్పి పెట్టింది. గురువారం సాయంత్రం నేను వెళ్ళేసరికి మిషన్ ముందు ఖాళీగా కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఆ కోటు కుట్టిన రోజు నాకు సూది బెజ్జం కనబడలేదు" అన్నాడు.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"అప్పటికే ఏడాది నుంచీ అంతే. కళ్ళు తగ్గాయని తెలిస్తే పనివ్వరని భయం. ఎవరికీ చెప్పలేదు. వాడికీ చెప్పలేదు. కానీ రోజూ పొద్దున నేను మిషన్ దగ్గరికి వచ్చేసరికి నాలుగు సూదులు, దారం ఎక్కించి, సూదుల దిండుకి గుచ్చి ఉండేవి. ఎవరు చేశారని నేను అడగలేదు, చేశానని వాడూ చెప్పలేదు." అద్దాలు తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. "వాడు అబద్ధమాడి ఉంటే ఏనాడో క్షమించేసేవాణ్ణి. నిజం చెప్పాడు. అదే మింగుడుపడలేదు."

అక్క తలుపు దగ్గర నిలబడి అంతా వింది. లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. ఆయన నాలుగు రోజుల తర్వాత ఆవిడతో మాట్లాడిన మొదటి మాట, "చక్కెర ఎక్కువైంది." ఆవిడ మొహం విప్పారింది.

ఆ ఆదివారం రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే బల్ల ఉంది. తొమ్మిదింబావుకి మా బావ గుమ్మంలోంచి కదిలాడు. అక్కని తన చోట నిలబెట్టి, "వచ్చినవాళ్ళకి చెయ్యివ్వు, చొక్కాలు చూడు" అని అప్పగించి మెట్లు దిగాడు. నేను వెనకే వెళ్ళాను. చూడకుండా ఉండటం నా వల్ల కాదు.

చెప్పుల షాపు చూరు కింద ఇద్దరూ ఉన్నారు. మా బావ వస్తుండటం చూసి కటింగ్ మాస్టారు కంగారుగా అటూ ఇటూ చూశాడు. దాక్కోవడానికి అక్కడ ఆయనకి డబ్బా కూడా లేదు. మా బావ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. దారంతా ఏం చెప్పాలో గొణుక్కుంటూనే వచ్చాడు, తీరా అక్కడికెళ్ళాక అన్నీ మరిచిపోయినట్టున్నాడు. చెయ్యి మాత్రం చాపాడు.

"కుట్టులోనే తేడా" అన్నాడు.

"తెలుసు అన్నా," అన్నాడు ఆయన రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుని, "కానీ పదిమందిలో అనాల్సింది కాదు. ఇంటికెళ్ళే లోపే అనిపించింది. వెనక్కి రావడానికి మొహం చెల్లలేదు."

"చేతులు తర్వాత పట్టుకుందురు గానీ," అంది ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ, "పదండి, పాట మొదలైపోతుంది."

ఆవిడే ముందు నడిచింది. మొదటి పాట ఆ రోజు ఆవిడ పాడినంత గట్టిగా ఎవరూ పాడలేదు. శ్రుతి సంగతి అడక్కండి. బల్ల వేళకి మా బావ వెళ్ళి అక్క పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. పళ్ళెం దగ్గరికి వచ్చినప్పుడు రొట్టె ముక్క ఆయన వేళ్ళలోంచి జారి ఒళ్ళో పడింది. అక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది. నేను అంత సంతోషంగా ఉన్న అక్కని ఆవిడ పెళ్ళినాడు కూడా చూడలేదు.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. చర్చి బయట అరుగు మీద మా బావా, కటింగ్ మాస్టారూ, నేనూ కూర్చున్నాం.

"ఒక మాట అడుగుతాను చెప్పు," అన్నాడు మా బావ, "ప్రతి వారం పావుగంట ఆ చూరు కింద నిలబడి ఏం చేసేవాడివి?"

"ప్రార్థన చేసుకునేవాణ్ణి."

"నా కోసమా?"

"నీ మీద." కటింగ్ మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "మొదటి ఏడాదంతా నీ మిషన్ పాడైపోవాలని ప్రార్థన చేశానన్నా. నిజం చెప్తున్నా."

మా బావ ఎగిరిపడ్డాడు. "పాడైంది! రెండుసార్లు పాడైంది! బెల్టు తెగింది, తర్వాత చక్రం పట్టేసింది!"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు కొట్టుకుంటూ నవ్వారు. నేనైతే అరుగు మీంచి పడబోయాను.

"మరి తర్వాత?" అన్నాడు మా బావ, నవ్వుతూనే.

"తర్వాత ఒక ఆదివారం మా ఆవిడ అడిగింది, ఇంతసేపు కళ్ళు మూసుకుని ఏం అడుగుతున్నావని. చెప్పడానికి సిగ్గేసింది. ఆ వారం నుంచీ మార్చుకున్నాను. నీ కళ్ళు బాగుండాలని, మోకాళ్ళు బాగుండాలని. మొదట్లో నోటితోనే వచ్చేది. ఎప్పటికో మనసులోంచి వచ్చింది."

మా బావ నవ్వు ఆగిపోయింది. తన చేతులకేసి చూసుకున్నాడు.

"నేను కూడా నీ గురించి ప్రార్థన చేశానురా," అన్నాడు, "ఆరేళ్ళూ చేశాను. నీ షాపు మూతపడాలని. గుమ్మంలో అంతమందికి చెయ్యిస్తూ, లోపల అదే అడిగాను. నేను మార్చుకోలేదు."

కటింగ్ మాస్టారు ఆయన వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏం పర్లేదన్నా. ఇవాళ మార్చుకో."

మా బావ అక్కడే, ఆ అరుగు మీదే, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.