పొట్టిగా కోసిన గ్లౌజులు

నిన్న మధ్యాహ్నం మా కోడలు వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, పొయ్యి మీది పప్పును ఒక కంట కనిపెడుతూనే ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతోంది. ఇంట్లో కూర్చుని కొలువు చేయడం ఈ కాలం పిల్లల భాగ్యమని నా ఈడు వాళ్ళు అనుకుంటారు గానీ, పటాన్‌చెరులో మేము తొంభైల చివర్లోనే ఆ పని చేశాం. అందులో నేను చేసిన పాడుపని కూడా ఒకటుంది.

అప్పట్లో మా ఆయన ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, కంపెనీల్లో కార్మికులు వేసుకునే గుడ్డ గ్లౌజులు కుట్టించేవారు. ఆరు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్ళు, వాళ్ళందరి మీదా నేను. దళసరి బట్టను అచ్చు పెట్టి కోసేది నేనే, కుట్టు వంకరపోతే విప్పించేది నేనే. షెడ్డు తాళంచెవి కొంగున ముడేసుకుని పొద్దున్నే నడిచి వెళుతుంటే నాకు నేనే పెద్ద ఆఫీసరులా తోచేదాన్ని.

తర్వాత కంపెనీలకు గడ్డుకాలం వచ్చింది. ఒకదాని గేటుకు తాళం పడింది, ఇంకొకటి మూడు షిఫ్టులను ఒకటికి దించింది, చివరికి మాకు ఆర్డరిచ్చే కంపెనీ ఒక్కటే మిగిలింది. షెడ్డు వదిలేసి, మిషన్లను కుట్టేవాళ్ళ ఇళ్ళకే పంపాలని మా ఆయన నిశ్చయించారు. నేను ఇంట్లోనే కోసిన ముక్కలను ఆయన పొద్దున స్కూటరు మీద ఇంటింటికీ ఇచ్చి, కుట్టినవాటిని సాయంత్రం తెచ్చేవారు. ఒకామె పని మానేయడంతో ఆ మిషన్‌ను పటేల్‌గూడలో ఉండే మా తోటికోడలికి, అంటే మా మరిది భార్యకు ఇచ్చారు. చంటిపిల్లతో షెడ్డుకు రాలేక అన్నాళ్ళూ ఇంటికే పరిమితమైన మనిషి ఆమె.

మొదటి వారమే మా ఆయన సంచి విప్పుతూ, "గీ కుట్టు సూడు, ఎంత సక్కగుందో! మిగతావాళ్లకు గూడ ఆమెతోనే నేర్పిస్త" అన్నారు. అన్నట్టే తక్కినవాళ్ళు ఆమె ఇంటికి వెళ్ళి నేర్చుకోసాగారు. అక్కడ చాయ్‌లు, నవ్వులు. ఇక్కడ ఖాళీ గదిలో కత్తెర పట్టుకుని నేనొక్కదాన్ని. నా పిల్లలు ఏడుస్తున్నా అత్తగారికి అప్పగించి షెడ్డుకు పరుగెత్తిన రోజులు గుర్తొచ్చేవి. పిల్లను ఒళ్ళోంచి దించకుండానే పనీ, పేరూ రెండూ సంపాదించిన ఆమెను తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు ఆమె వంతు ముక్కల్లో బొటనవేలి భాగాన్ని కావాలనే అరంగుళం పొట్టిగా కోశాను. కంపెనీ వాళ్ళు సరుకు తిప్పి పంపితే నింద ఆమె మీద పడుతుందని నా ఆశ. ఉన్న ఒక్క ఆర్డరూ పోతే మా బతుకేమవుతుందన్న ఇంగితం లేకపోయింది. మూడో రోజు మా ఆయన సంతోషంగా వచ్చి, "మాల్ అంత పాసైంది" అన్నారు. ఎలా పాసైందో నాకు అంతుపట్టలేదు.

ఆ వారమే ఆమె మా ఇంటికి వచ్చి, ఎవరూ లేనప్పుడు మెల్లగా చెప్పింది: "అక్కా, బొటనేలు జెర పొట్టిగ కోసినవ్. నేర్చుకునేటోళ్లు ఖరాబు చేసిన ముక్కలతోని అన్నిటికి అతుకేసిన. బావకు చెప్పలే."

"అవునా" అన్నాను, అంతే. పొరపాటనుకుందో, అంతా తెలిసే అందో నేను అడగలేదు. అప్పటికైనా నా కుళ్ళు తగ్గిందా అంటే, లేదు. తప్పు చేసిన నన్ను కాపాడిన మంచితనం కూడా ఆమెకే దక్కిందే అని ఇంకా మండిపోయాను.

ఆ ఆర్డరు నిలిచింది, దాంతోపాటే మేమూ నిలిచాం. ఇప్పుడు గ్లౌజులు ఎక్కడో కుట్టినవి డబ్బాల్లో వస్తున్నాయి. మా షెడ్డు ఉన్నచోట కుర్రాళ్ళ హాస్టలు లేచింది. ఏ ఇంట్లో ఎవరు ఏం పని చేసుకుంటున్నారో పక్కవాళ్ళకే తెలియదు. ఏదైనా పెళ్ళిలో ఆనాటి ఆడవాళ్ళు కలిస్తే మాత్రం, జుట్టు నెరిసిన ఆ మనుషులంతా నన్ను దాటుకుని మా తోటికోడలి దగ్గరికే వెళ్ళి, ఆమె చేతులు పట్టుకుని కూర్చుంటారు. నేను పక్కకు జరిగి వాళ్ళకు చోటిస్తాను.