నాన్నగారి పుల్లబొమ్మ

మా ముత్తాతగారు గుర్రబ్బండి లేనిదే గుమ్మం దిగని మనిషి. మా తాతగారు కొబ్బరికొట్టు పెట్టిన నాటి నుంచీ కొత్తపేట మొదలు కాట్రేనికోన దాకా ఎవరి తోటలో దింపు తీసినా, మా కొట్టులో ధర కనుక్కోకుండా కాయ కదిలేది కాదు. ఆ కొట్టులో వీధివైపు పడక్కుర్చీలో మా నాన్నగారు కూర్చునేవారు. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కిందటివారం మా అమ్మాయి తన ఇంజనీరింగు పుస్తకం బల్లమీద తెరిచిపెట్టి కాలేజీకి వెళ్ళిపోయింది. మూసి పక్కన పెడదామని వంగితే, గుండ్రటి తలా గీతల్లాంటి కాళ్ళూ చేతులూ ఉన్న ఒక పుల్లబొమ్మ ఆ పేజీలోంచి నన్ను చూసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, దుకాణాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో అమలాపురంలోనే ఉద్యోగానికి చేరాను. అప్పటికే మా లంకభూములు పోయాయి, తోటలు సగానికి వచ్చాయి. వ్యాపారం మా బాబాయిగారు చూసుకునేవారు. మిగిలిందల్లా ఆ కుర్చీకున్న మర్యాద. లారీకి బస్తాలు ఎత్తేముందు గుమస్తాగారు కుర్చీ దగ్గరకొచ్చి ధర విన్నవించేవారు, నాన్నగారు కళ్ళు ఎత్తకుండానే "కానీ" అనేవారు. ఆ మాట పడితేగాని బస్తా లేవదని చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగినవాణ్ణి. కొబ్బరికొట్లన్నిటిలోకీ ముందు మా కొట్టులోకే కంప్యూటర్ వస్తే పాత పేరు కొంతైనా నిలబడుతుందని ఆశపడి ఆ పని మా ఆఫీసుకు నేనే తెచ్చాను.

ఆ పని మా ఆఫీసులో నా పైఅధికారి చేతికి వెళ్ళింది. ఆవిడది రాజోలు వైపు, తల్లీతండ్రీ ఇద్దరూ టీచర్లు. వాళ్ళ తాతగారు మా తోటల్లో చెట్లెక్కి కాయ దింపు తీసిన మనిషి. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు, ఇద్దరం ఏనాడూ ఎత్తలేదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసే విద్యలో మొదటి మెట్టు, సిస్టంతో పనిబడే బయటిమనుషులెవరో తేల్చడం. వాళ్ళను యాక్టర్లంటారు, ఒక్కొక్కరికి ఒక పుల్లబొమ్మ గీస్తారు. వాళ్ళు చేసే పనిని యూజ్ కేస్ అంటారు, కోడిగుడ్డులాంటి సున్నాలో రాస్తారు. బొమ్మకూ సున్నాకూ మధ్య ఒక గీత. పని లేనివాడికి గీత లేదు, గీత లేనివాడికి బొమ్మ లేదు.

గుమస్తాగారికి, కాటా వేసే ఆయనకు, బాబాయిగారికి బొమ్మలు ఇట్టే వచ్చేశాయి. నాన్నగారి బొమ్మ నేనే అడిగి గీయించాను, అందరికంటే పైన. సున్నాలో ఏం రాయాలని ఆవిడ అడిగితే "కానీ అనుట" అని రాయమన్నాను. నవ్వకుండా రాసింది. ఆ కాగితం కొట్టుకు పట్టుకెళ్ళి నాన్నగారి ముందు పరిచాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పైనున్నది తానేనని తెలుసుకుని, మీసం సవరించుకున్నారు.

అప్పుడు ఆవిడ, తప్పకుండా అడగవలసిన ప్రశ్నే అడిగింది. "ఒకవేళ తమరు వద్దంటే ఏమవుద్దండీ? దానికి ఇంకో దారి రాయాలండీ."

నాన్నగారు గుమస్తాగారి వైపు చూశారు. ఆయన "ఆయ్" అని బాబాయిగారి వైపు చూశారు. బాబాయిగారు కొబ్బరిపీచు దులుపుకుంటూ నవ్వేశారు. "ఓసారన్నారమ్మా వద్దని. అన్నయ్య భోజనానికి వెళ్ళేక ఎత్తించేసేం. పొద్దున్నే ఫోన్లో ఖాయమైపోయిన బేరం, కానీ అనలేదని లారీ వెనక్కి పంపేస్తామేంటి? పెద్దాయన, ఆయన సరదా ఆయనది!"

కాటా దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నేను లేచాను గాని ఎవరి మీదికి లేచానో నాకే తెలియలేదు. ఆవిడ తలవంచుకుని, "పర్లేదండీ, బొమ్మ ఉంచేద్దామండీ, అడ్డేం కాదు" అంది. ఆ జాలి నాకు బాబాయిగారి నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

నాన్నగారు కాగితాన్ని ఆవిడ వైపు తిప్పి, "గీత లేని బొమ్మెందుకమ్మా, చెరిపెయ్" అన్నారు. ఆవిడ రబ్బరు పట్టుకుని నా ముఖం చూస్తూ ఉండిపోతే, ఆయనే మెల్లగా "కానీ" అన్నారు. మా కొట్టులో ఆ మాటకు జరిగిన పని, బహుశా ఆ ఒక్కటే.

మర్నాటి నుంచి ఆయన కొట్టుకు రాలేదు. సాఫ్ట్‌వేర్ బాగానే నడిచింది, బాబాయిగారు ఊరంతా చెప్పుకున్నారు. బాబాయిగారి గడప నేను మళ్ళీ తొక్కలేదు. ఈమధ్య ఏ కౌంటరు ముందు నిలబడినా, నా పేరు గాని, మావాళ్ళ పేరు గాని ఎవరికీ అక్కర్లేదు. తెరమీద నాకో పని ఉంటే మనిషిని, లేకపోతే పక్కకు జరగాలి. మన కాలంలో మనిషి ఉత్తినే కూర్చున్నా ఆ కూర్చోవడానికి ఒక విలువ ఉండేదనుకునేవాళ్ళం. ఉండేదో, ఉందని మనకోసం నటించేవారో, ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

నాన్నగారు పోయాక కొట్టు అమ్మకానికి వచ్చింది. స్థలం పలివెల ఆసామీ కొన్నాడు. కాటా, రేకులు, పడక్కుర్చీ కలిపి పాత సామాను కింద అమ్మేశాం.