మాస్టారు మర్చిపోని డైలాగు

మాస్టారు పోయారన్న కబురు నాకు ఫిల్మ్‌నగర్ ఎత్తు దిగుతుండగా ఫోన్లో అందింది. "డాక్టర్ సారు పోయిండక్కా. పొద్దుగాల నిద్రలనే పోయిండంట. నేను మోతీనగర్ సారింటికి పోతున్న, నువ్వు గూడ జల్ది రా" అంది తెలిసిన నటి ఒకామె. ఏడుపు రావాలి. ముందు భయం వేసింది. అక్కడ ఆమె ఉంటుంది, నేనూ ఉంటాను. ఇన్నేళ్ళూ నాకోసం నోరు విప్పని మనిషి మాత్రం ఉండడు.

మీరు ఆయన్ని చూసే ఉంటారు. సినిమాల్లో ఆపరేషన్ గది తలుపు తీసుకుని వచ్చి, కళ్ళజోడు తీసి, ఇరవై నాలుగు గంటలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమనే పెద్దాయన. నిజానికి ఇంటర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. డాక్టర్ వేషం వేసే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. "రోగి అబద్ధమైనా చేతులు నావే కదమ్మా" అనేవారు. సెట్లో ఎక్స్‌రే తలకిందులుగా తగిలిస్తే ఎవరికీ చెప్పకుండా సరిచేసి వెళ్ళేవారు. డైలాగ్ ఒక్కసారి చదివితే చాలు, పొల్లు పోకుండా అప్పజెప్పేవారు.

నేనప్పుడు కొత్తగా చేరిన అసిస్టెంట్ డైరెక్టర్ని. కంటిన్యుటీ నా పని. నిన్నటి షాట్లో గ్లాసులో పాలు ఎంత ఉన్నాయో ఇవాళా అంతే ఉండాలి. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాని ఆసుపత్రిగా మార్చి తీస్తున్నాం. నిన్న సగం ఉన్న సెలైన్ సీసా పొద్దున చూస్తే కారిపోయి అడుగంటింది. వంటింట్లో పంపు తిప్పి, సగం గీత దాకా నీళ్ళు పోసి, మూత మీద ప్లాస్టరు అంటించాను. ఎలాగూ సూదిని చేతికి టేపుతో అంటించడమేగా అనుకున్నాను.

తీరా షాట్ ముందు డైరెక్టర్‌కి నిజమైన సూది కావాలనిపించింది. రోగి వేషం వేస్తున్న అమ్మాయి, ఇప్పుడు నాకు ఫోన్ చేసిన నటే. ఆమెకి అదే మొదటి క్లోజప్. "ఒక్క సూదే కద సార్, గుచ్చుండ్రి" అని ఎడమ చెయ్యి చాపింది. నర్సుని పిలిపించి మోచేతి మడతలో సూది ఎక్కించారు. సెలైన్ వదలడానికి గొట్టానికున్న చిన్న చక్రం తిప్పడమే మిగిలింది, అది డాక్టర్ వేషం పని. అప్పుడైనా చెప్పొచ్చు, చెప్పలేదు. మంచినీళ్ళేగా, లోపలికి పోతే ఏమవుతుందిలే అనుకున్నాను. డైరెక్టర్ తిడతాడన్న భయమూ ఉంది.

మాస్టారు ఆ ప్లాస్టరు వంక చూసి నా వైపు వంగారు. "సీసాలో ఏముందమ్మా?"

"నీళ్ళే మాస్టారూ. పంపునీళ్ళు."

యాక్షన్ అన్నారు. ఆయన చక్రాన్ని బిగించి పట్టుకుని నిలబడిపోయారు. "క్షమించండి, డైలాగ్ గుర్తు రావడం లేదు." రెండోసారీ అదే మాట. డైరెక్టర్ విసుక్కుని టీకి వదిలాడు. ఆ సందులో మాస్టారు నర్సు చేత సీలున్న అసలు సెలైన్ సీసా తెప్పించి, సగం పారబోయించి, పెట్టించారు.

తర్వాత నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పారు. "రక్తకణం చుట్టూ ఉండేది గోడ కాదమ్మా, త్వచం. రెండు వరుసల కొవ్వు పొర. తలలు నీళ్ళ వైపు, తోకలు లోపలికి. మధ్యమధ్యలో ప్రొటీన్ తలుపులు. ఉప్పుకి ఆ తలుపు దగ్గర పాస్ కావాలి. నీళ్ళకి అంత కట్టడి లేదు. ఉప్పు ఎటు ఎక్కువుంటే అటు పోతాయి. ఉత్త నీళ్ళు ఎక్కిస్తే కణంలోకి తోసుకుపోతాయి. మొక్క కణానికైతే గట్టి గోడుంది, ఓర్చుకుంటుంది. ఇది ఉబ్బి పగిలిపోతుంది. పైగా పంపునీళ్ళు! ఆ పిల్ల ప్రాణం మీదికొచ్చేది."

"మరి అక్కడే నిజం చెప్పకపోయారా?"

"డైలాగ్ మర్చిపోయినవాణ్ణి విసుక్కుని వదిలేస్తారు. నీ తప్పని తెలిస్తే నిన్ను ఇవాళే పంపేస్తారు."

విసుక్కుని వదిలెయ్యలేదు. మాస్టారికి మతిమరుపు వచ్చిందన్న మాట సినిమావాళ్ళుండే కృష్ణానగర్ దాకా పాకింది. వేషాలు తగ్గాయి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. మోతీనగర్ వెళ్ళినప్పుడల్లా "సీసాలు చూసుకుంటున్నావా?" అని నవ్వేవారు తప్ప ఇంకో మాట లేదు. చూసుకుంటున్నాను. ఇవాళ్టికీ సెట్లో ఏ సీసా కనబడినా లేబులు మూడుసార్లు చదువుతాను. ఆయన మీద పడిన మచ్చ తుడిచే ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ముందు ఉద్యోగం పోతుందని, తర్వాత పరువు పోతుందని. రాయడానికి సిగ్గుగా ఉంది.

నేను వెళ్ళేసరికి ఆమె మాస్టారి కాళ్ళ దగ్గర కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూనే చుట్టూ ఉన్నవాళ్ళకి చెబుతోంది. "నా ఫస్ట్ క్లోజప్ల సారు రెండుసార్లు డైలాగ్ మర్చిపోయిండు. గప్పటికే మతిమరుపు, పాపం. యాదికుందా అక్కా?"

ఆమె పక్కన కూర్చున్నాను. "మర్చిపోలేదు. సీసాలో నీళ్ళు నీ ఒంట్లోకి పోకుండా చక్రం బిగించి నిలబడ్డారు. ఆ సీసాలో పంపునీళ్ళు పోసింది నేను." రక్తకణం సంగతితో సహా అందరి ముందూ చెప్పేశాను.

ఆమె నా వైపు చూడలేదు. మాస్టారి ముఖంలోకి చూస్తూ, కుడి చేత్తో ఎడమ మోచేతి మడత నొక్కి పట్టుకుంది, సూది తీసిన చోట దూది అదిమినట్టు. ఆయన్ని లేవదీసేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.