ఢిల్లీలో మా అక్క తుమ్ము

నిన్న రాజోలు వెళ్దామని చెప్పులు వేసుకుంటుంటే పక్కింటి అరుగు మీంచి ఎవరో తుమ్మారు. ఒంటి తుమ్ము. తుమ్ముకీ పనికీ సంబంధం లేదని బళ్లో పిల్లలకి పాఠం చెప్పి రిటైరైన లెక్కల మాస్టారిని, బుద్ధిగా చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని గ్లాసుడు మంచినీళ్లు తాగాను. ఈలోగా ఆటో కాస్తా వెళ్లిపోయింది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే నాలుగేళ్ల కిందటి ఢిల్లీ గుర్తొచ్చింది.

మా అక్క కూతురు రైఫిల్ షూటింగులో దేశం జట్టుకి ఎంపికైంది. కోనసీమ పిల్లకి తుపాకీ ఏమిటో మా ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు, మాకూ పట్టలేదు. శని ఆదివారాల్లో ఢిల్లీలో అంతర్జాతీయ పోటీ. దాళ్వా వరి ఊడ్పులు వదిలి రాలేనన్నారు బావగారు. అక్కకి తోడు నేను వెళ్లాను. తుపాకులంటే దీపావళిలా చెవులు పగిలిపోతాయని అక్క సంచీలో దూది కూడా పెట్టుకొచ్చింది. తీరా చూస్తే టప్పుమని ఓ చిన్న చప్పుడు, అంతే. బిగుసుకుపోయిన కోటుల్లో మనుషులు కదలరు, మెదలరు. ఎవరు గెలుస్తున్నారో, ఎవరు ఓడుతున్నారో శనివారం సాయంత్రం దాకా బోధపడితే ఒట్టు. పైగా తెర మీద పది పాయింట్ నాలుగు, పది పాయింట్ ఆరు అని అంకెలు. “పదికి పదిన్నర ఏంట్రా తమ్ముడూ?” అంది అక్క. పదికి పది మార్కులు ఏనాడూ ఎవరికీ వేసిన పాపాన పోని నేను ఏం చెప్పగలను? పక్కనున్న పంజాబీ పెద్దాయన జాలిపడి, నడిమధ్యకి ఎంత దగ్గరగా తగిలితే అంత ఎక్కువని హిందీలో వివరించబోయాడు. అక్క మర్యాదకి ప్రతి మాటకీ “ఆయ్, ఆయ్” అంది. అది హిందీ ‘ఆయే’ అనుకుని, ఎవరో వచ్చారని చెబుతోందని పాపం ఆయన గుమ్మం వైపు తిరిగి తిరిగి చూశాడు.

ఆదివారం కంచు పతకం కోసం పోటీ. జట్టుకి ముగ్గురు. ఒక్కో విడతలో ముగ్గురూ తలో గుండూ పేల్చాలి. ఇచ్చిన సమయంలో పేల్చకపోతే సున్నా. ఆఖరి విడతకి మనవాళ్లూ అవతలివాళ్లూ సమానంగా ఉన్నారు. అవతలి ముగ్గురూ కాల్చేశారు, మన ఇద్దరు పిల్లలూ కాల్చేశారు. ఇక మా పిల్లే మిగిలింది. రైఫిల్ ఎత్తి చెంప ఆనించింది. హాలంతా చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. సరిగ్గా అప్పుడు, ఢిల్లీ చలికి జలుబు చేసిన మా అక్క తుమ్మింది. ఒక్కటే.

అక్కడ మా పిల్ల రైఫిల్ దింపేసింది.

తెర మీద సెకన్లు కరిగిపోతున్నాయి. “ఇంకోటి తుమ్మవే అక్కా, రెండైతే దోషం లేదు!” అన్నాను, నేనే. అక్క కొంగు మెలిపెట్టి ముక్కులో దూర్చుకుంది. “రాట్లేదురా!” అని ఏడుపు మొహం పెట్టింది. కోచ్ కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. సమయం అయిపోతుందనగా పిల్ల మళ్లీ ఎత్తింది, పేల్చింది. ఏవో అంకెలు పడ్డాయి, జనం లేచారు, ఏమైందో తెలియక నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పంజాబీ ఆయన నన్ను ఎముకలు విరిగేలా కౌగిలించుకుంటేగాని గెలిచామని అర్థం కాలేదు.

బయట అక్క తన కూతుర్ని పట్టుకుని వలవలా ఏడ్చింది. “నా పాడు తుమ్ము వల్ల ఎంత పనయ్యేదే!” అంటే, “నాకేం వినపళ్లేదమ్మా, చెవుల్లో బిరడాలున్నాయి. ఊపిరి కుదర్లేదు, దింపేను” అంది పిల్ల. అక్క దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

తిరుగు రైల్లో అక్క కునుకు తీస్తుంటే పిల్ల నా పక్కకి జరిగింది. “మావయ్యా, అమ్మకి చెప్పకండి. వినపడిందండి.”

“తుమ్ముల్ని నమ్ముతావేంటమ్మా నువ్వు?”

“లేదండి. అమ్మ నమ్ముద్ది కదండీ. ఆగకుండా కాల్చి గురి తప్పితే, తన వల్లే ఓడిపోయేమని బతికున్నన్నాళ్లూ కుమిలిపోద్ది.”

నాకు గుండె నిండిపోయింది, కోపమూ వచ్చింది. “మరి ఆ ఇద్దరు పిల్లల కష్టం మాటేంటి?” అన్నాను.

“అదేనండి, నాకూ తెలీట్లేదు” అని కిటికీ వైపు తిరిగింది.

అది చేసింది తప్పో ఒప్పో నాకూ ఇప్పటికీ తేలలేదు. బళ్లో కాలం-పని లెక్కలు కొన్ని వేలు చేయించి ఉంటాను. అయిపోతున్న కాలంలోంచి ఒక మనిషి ఇంకో మనిషి కోసం కాస్త తీసి పక్కన పెట్టడమన్నది వాటిలో ఒక్కదానిలోనూ రాలేదు.