ముత్తంగికి వచ్చిన ఫ్రెంచి మాట

2006. పటాన్‌చెరులో హైవే పక్కన, ఒక మందుల దుకాణం మేడ మీద నా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. పొద్దున బ్యాచ్‌లో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు, మధ్యాహ్నం ఆడవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ గది సగం నిద్రలో ఉండేది. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్లితే ఘాటైన మందుల వాసన వచ్చేది. ఫ్యాను కింద రెప్పలు బరువెక్కేవి. కింద లారీల హోరు దూరపు సముద్రంలా వినిపించేది. సముద్రాన్ని నేను చూసింది ఒక్కసారే, అయినా ఆ హోరుకు మరో పోలిక దొరకలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, అందరూ వెళ్లిపోయాక కూడా స్వరూప కూర్చునే ఉంది. ముత్తంగి మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. రింగు రోడ్డు వస్తుందన్న మాటకే వాళ్ల పొలాల ధర ఆకాశానికి లేచింది. కొంత అమ్మారు. కూతుర్ని నగరంలో ఒక పెద్ద స్కూల్లో చేర్చాలని ఆమె పట్టుదల. అక్కడ పిల్లకంటే ముందు తల్లిదండ్రులకు పేరెంట్ ఇంటర్వ్యూ. అంటే మనం ఆ గేటుకు తగినవాళ్లమో కాదో తేల్చే పెళ్లిచూపులన్నమాట. ఆమె నా దగ్గర చేరింది అందుకే.

"మేడమ్, నూవో రీష్ అంటే ఏంది?"

పలకడం చక్కగా పలికింది. ఎక్కడ విన్నావని అడిగాను.

"మొన్న ఇంటర్వ్యూల. మేం లోపలికి పోంగనే ఒకామె మా ఆయన కాలర్ దిక్కు సూశి పక్కామె చెవుల అన్నది. ఇద్దరు నవ్విండ్రు."

"కాలర్‌కు ఏమైంది?"

"ఏమైతది? కొత్త అంగి గద, పసుపు పెట్టిన. నా చీర కొంగుకు, పిల్ల గౌనుకు గూడ పెట్టిన. పసుపు పెట్టకుంట కొత్త బట్ట ఎట్ల కడ్తం?"

"ఎంతమంది పోయిండ్రు?"

"ఎక్కువేం లే. మేం ముగ్గురం, అత్తమామలు, ఇద్దరు బావలు, మేనత్త. రెండు బండ్లల్ల."

నాకు నవ్వాగలేదు. "పిల్లనియ్య పోయినట్టు పోయిండ్రా?"

"మంచి పనికి ఒక్కలమే పోతమా మేడమ్?"

నూవో రీష్ అంటే కొత్తగా డబ్బొచ్చినవాళ్లని అర్థమనీ, అయితే అది మెచ్చుకోలు కాదనీ చెప్పాను.

"అంటే... అర్ధరాత్రి గొడుగు పట్టమన్నోడా?"

సామెతలో సగమే ఆమె నోట వచ్చింది. అల్పుడి సంగతి చెప్పే మిగతా సగం మా ఇద్దరి మధ్య నిలబడింది. ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "సోమవారం మల్ల రమ్మన్నరు. నేను పోను. పిల్లకు ఈడనే ఏదో బడి సూస్త."

పోట్లాట దొరికితే వదిలే రకం కాదు నేను. కానీ ఆ మాటన్న మహాతల్లి అక్కడ లేదు, మాట ఒక్కటే ఉంది. సరే, దానితోనే తేల్చుకుందామనుకున్నాను.

"కూర్చో. అది ఇంగ్లీషు మాటే కాదు. లోన్‌వర్డ్, అంటే ఒక భాష ఇంకో భాష దగ్గర తెచ్చుకుని తిరిగియ్యని మాట. నూవో అంటే కొత్త. రీష్ అంటే ధనవంతుడు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులకొచ్చి రెండు వందల ఏండ్లు అయితుండొచ్చు."

చెబుతుంటే ఆ మాటను ఇంగ్లండుకు మోసుకొస్తున్న పడవ నా కళ్ల ముందు కదిలింది. పొగమంచులో ఒక రేవు. వెనక మిల్లుల పొగగొట్టాలు. నూలు వడికించి, బొగ్గు తవ్వించి గడించినవాళ్లు కొత్త బండ్లు దిగుతున్నారు. పాత భూస్వాములు కిటికీ తెరల వెనక నుంచి చూస్తున్నారు. వాళ్లకు ఎగతాళి చేయాలనుంది, మర్యాద మాత్రం చెడకూడదు. ఇంగ్లీషులో అప్‌స్టార్ట్ అని నడమంత్రపు సిరివాళ్లను తిట్టే మొరటు మాట ఉండనే ఉంది, కానీ అంటే నోరు పారేసుకున్నట్టుంటుంది. అదే ఫ్రెంచిలోనైతే తిట్టు కూడా అత్తరు పూసుకుని వస్తుంది.

నాకు కనిపించిందంతా చెప్పాను. స్వరూప కూర్చుంది. "అంటే భూములోళ్లు ఫ్యాక్టరీలోళ్లను అన్నరా?"

"అవును."

"మరి ఈడ ఉల్టా గద! మేం భూములోళ్లం. ఫ్యాక్టరీలు మా పక్కకొచ్చినయ్, రోడ్డు మా పొలాల మీదికెల్లి పోతున్నది. మా తాతల తాత గదే మట్టిల ఉన్నడు. పైసలు కొత్తయి మేడమ్. మేం పాతోళ్లమే."

పొగమంచులోని ఆ రేవు మెల్లగా ముత్తంగి జొన్నచేనైంది. చేను నిండా సర్వేరాళ్లు తెల్లగా, కొంగల్లా వాలి ఉన్నాయి.

"ఇదే ముక్క ఇంగ్లీషులో చెప్పు" అన్నాను.

రోల్ ప్లే మొదలుపెట్టాం. అంటే నేను ఆ ఇంటర్వ్యూ దొరసాని, ఆమె ఆమే. దొరసాని వేషం నాకు మరీ బాగా అచ్చొచ్చినట్టుంది. "జెర తగ్గుండ్రి మేడమ్, ఆమె గూడ గింత లేదు" అంది.

ఈసారి పసుపు లేకుండా వెళ్లమని గట్టిగానే వాదించాను. వినలేదు. "దాసుకునేదుంటే ఇంగ్లీషెందుకు నేర్సుకునుడు?"

సోమవారం వెళ్లారు. బావలను మాత్రం గేటు బయట నిలబెట్టిందట. మర్నాడు వచ్చి చెప్పింది. ఆ కాలర్ చూసిన ఆమే అడిగిందట, మీరు భూములు అమ్ముకున్నారటగా అని.

"ఎస్ మేడమ్ అన్న. మనీ ఈజ్ న్యూ, వుయ్ ఆర్ ఓల్డ్ అన్న. ఇగ అప్పుడు పిల్లను దగ్గరికి పిలిచి పేరడిగింది. మొదటిసారి పోయినప్పుడు పేరే అడగలే మేడమ్."

"సీటు?"

"వచ్చింది."

మాటకు అర్థం చెప్పడమే ఇంగ్లీషు టీచరు పని అంటారు. అర్థం వినగానే స్వరూప లేచి నిలబడింది. ఆ మాట పుట్టుక విన్నాకే మళ్లీ కూర్చుంది. గుచ్చుకున్న మాట పట్టుకుని ఎవరొచ్చినా ఇప్పుడు నేను ముందు దాని ఊరు చెబుతాను. ఏ మాటైనా ఎక్కడో ఒకచోట కొత్తగా దిగిందే. నూవో రీష్ కూడా ఒకనాడు ఇంగ్లీషు వాకిట్లో, లోపలికి రానిస్తారో లేదోనని తడబడుతూ నిలబడే ఉంటుంది.