సారమ్మ ఆంటీని రాసివ్వనన్న మనిషి

మొన్న ప్లేనోలో మా మేనల్లుడి ఇంటికి వెళ్తే డైనింగ్ టేబుల్ మీద పాచికలు గలగలా దొర్లిన చప్పుడు వినిపించింది. పిల్లలు కథలాట ఆడుతున్నారు. ఒకడు కథ చెబుతాడు, తక్కినవాళ్ళు అందులో వీరులో మంత్రగాళ్ళో అయిపోతారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. నేను చెప్పులు విప్పడం కూడా మరచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ చప్పుడు వెనకాల నాకు ప్రింటింగ్ మెషీన్ మోత, దాన్ని మించి అరిచే శామ్యూల్ అంకుల్ గొంతు వినపడ్డాయి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అయినా తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, ఏం చెయ్యను!

ఎనభైల మొదట్లో, ఇక్కడ అమెరికాలోనే, పిస్కాటవేలో ఆయనకో చిన్న ప్రెస్సు ఉండేది. భీమవరం వైపు మనిషి. పెళ్ళి కార్డులూ, తెలుగు చర్చి పాటల కాగితాలూ, వాటితో పాటు ఈ ఆటకు కథల పుస్తకాలూ వేసేవారు. ఆట ఒక పెద్ద కంపెనీది. బయటివాళ్ళు దానికి కథలు రాసి అమ్ముకోవాలంటే ఆ కంపెనీ లైసెన్సు ఉండాలి. ప్రతి కథా ముందు వాళ్ళకు పంపాలి, వాళ్ళు సరేనంటే అట్ట మీద ఆట పేరు వేసుకోవచ్చు. ఆ పేరు లేని పుస్తకాన్ని షాపులవాళ్ళు కన్నెత్తి చూసేవాళ్ళు కాదు. ఆ లైసెన్సు దొరికాకే అంకుల్ మందుల ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు మానేసి, సాయంత్రాలు భార్య సారమ్మ ఆంటీతో కూర్చుని భోంచేయడం మొదలుపెట్టారు. నేనప్పుడు యూనివర్సిటీలో చదువుకుంటూ ఆయన దగ్గర ప్రూఫులు దిద్దేదాన్ని.

"ప్రతి కథకీ మూతి తిప్పుతావేంటి? నువ్వొకటి రాయి చూద్దాం" అన్నారొకరోజు. పౌరుషం వచ్చి రాశాను. నా కథలో గుహ నిండా నిధి, దానికో రాక్షసి కాపలా. కత్తి దూసి వచ్చినవాణ్ణి కూడా ముందు కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. తిన్నవాణ్ణి ఆమె చంపదు, తిన్నవాడు ఆమె మీద చెయ్యెత్తలేడు. వద్దన్నవాడి పని ఖాళీ. అంకుల్ చదివి కళ్ళజోడు తీసి కడుపుబ్బ నవ్వారు. "ఇది రాక్షసి కాదే తల్లీ, మా ఆవిడ!" నిజమే. పార్సిల్ తెచ్చిన డ్రైవర్‌ను కూడా కాగితాల కట్ట మీద కూర్చోబెట్టి చేపల పులుసు తినిపించేది ఆవిడ. ప్రెస్సు వెనకున్న ఇంట్లోంచి ఆంటీ వచ్చింది. "ఏంటా నవ్వులు?"

"నిన్ను బుక్‌లో వేసింది. రాక్షసిని చేసింది."

"చెయ్యనియ్యండి. అన్నం సరిగ్గా పెట్టిందా, లేదా?"

కంపెనీవాళ్ళకు రాక్షసి తెగ నచ్చింది. నచ్చడమే కొంపముంచింది. లైసెన్సు రెన్యూ చేయాలంటే ఇకమీదట కథల్లోని పాత్రలన్నీ తమకే చెందుతాయని, రాసినవాళ్ళ పేరు ఉండదని కొత్త షరతు పెట్టారు. నాకు గుండెల్లో రాయి పడింది, నా పేరు కోసం కాదు, ప్రెస్సు కోసం.

"సైన్ చేసేయండి అంకుల్. నా పేరు పోతే పోనీండి."

ఆయన నా మీద కోప్పడ్డది అదొక్కసారే. "నీ పేరు నీకంత చవకా? రేపు ఇంకోటి రాసేటప్పుడు ఇదీ నాది కాదులే అనుకుంటూ రాస్తావ్. తర్వాత రాయడమే మానేస్తావ్. అది నేను చూళ్ళేనమ్మా." కాసేపటికి ఆయనే నవ్వారు. "అయినా మా ఆవిణ్ణి వాళ్ళకి రాసిచ్చేస్తే నాకు కూడెవరు పెడతారు?"

సంతకం పెట్టలేదు, లైసెన్సు పోయింది. ఇద్దరం కూర్చుని ఎర్ర పెన్సిల్‌తో నా కథలో కంపెనీకి చెందిన మాటలన్నీ కొట్టేశాం. వాళ్ళ మంత్రాలు, వాళ్ళ భూతాలు, వాళ్ళ పాచికల లెక్కలు అన్నీ పోయాయి. ఒక చిన్న మంత్రాన్ని ఉంచుకుందామని నేను బతిమాలితే, "వాళ్ళది వాళ్ళకిచ్చెయ్" అని దాన్నీ కొట్టేశారు. ఇంకేం మిగలదని భయపడ్డాను. రాక్షసి మిగిలింది, ఆమె వంట మిగిలింది.

పుస్తకం నా పేరుతో వచ్చింది. ఆట పేరు లేకపోయేసరికి ఎక్కడో ఒకటీ అరా షాపులవాళ్ళు తప్ప ఎవరూ తీసుకోలేదు. ఎప్పుడడిగినా అంకుల్ "బాగానే పోతోందమ్మా, నువ్వు చదువుకో" అనేవారు. ఒక సాయంత్రం చెప్పకుండా వెళ్తే ప్రెస్సుకు తాళం వేసి ఉంది. ఇంట్లో ఆంటీ ఒక్కర్తే భోంచేస్తోంది.

"మళ్ళీ ఫ్యాక్టరీ షిఫ్ట్‌కెళ్ళారమ్మా. నీకు చెప్పొద్దన్నారు."

నేను గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ నా ముందు కంచం పెట్టింది. "ఏడుద్దువుగానీలే, ముందు తిను."

ఇప్పుడు నాకూ ఒక చిన్న ప్రచురణ సంస్థ, నేనే తయారుచేసిన ఒక కథలాట ఉన్నాయి. నా ఆటకు కథలు రాసే పిల్లలతో నేను చేసుకునే ఒప్పందంలో, రాసింది రాసినవాళ్ళదే, పేరు వాళ్ళదే. మా లాయర్ తల పట్టుకుంటాడు, పట్టుకోనీ. పోయిన ఏడాది శాన్ రామన్‌లో ఉండే అమ్మాయి ఒకతె ఫోన్ చేసి, "ఆంటీ, నా నేమ్ లేకపోయినా ఓకే, జస్ట్ పబ్లిష్ చేయండి" అంది. ఒళ్ళు మండిపోయింది. పేరు లేకుండా అచ్చు వేయనన్నాను. విసుక్కుంది, రెండు రోజులు మాట్లాడలేదు, చివరికి సరేనంది. పుస్తకం చేతికందిన రోజు మళ్ళీ ఫోన్ చేసింది. "ఆంటీ, కవర్ మీద నా నేమ్..." అని ఏడ్చేసింది. అంకుల్ మళ్ళీ షిఫ్టుకెందుకు వెళ్ళారో నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. ఫోన్ పెట్టేయకుండా, ఆ పిల్ల ఏడుపు ఆగేదాకా వింటూ కూర్చున్నాను.